సింహాచలం కోతి మనిషిగా ఎప్పుడు మారుతుంది? జీవజాతుల మార్పు గురించి మూడు ప్రశ్నలకు సమాధానం

గాజువాక నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఆయన కుమార్తె ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. జంతుశాస్త్రంలో జీవ పరిణామం పాఠం పూర్తయ్యాక ఆ అమ్మాయి ఇంట్లో మూడు సందేహాలు లేవనెత్తిందట. మనిషి కోతి నుంచి వచ్చాడంటే సింహాచలం కొండ మీది కోతులు ఇంకా కోతులుగానే ఎందుకు ఉన్నాయి? ఒక జీవికి అవసరం పడినప్పుడు దాని శరీరం నిజంగా మారుతుందా? ఒక జాతి మరో జాతిగా మారడాన్ని ఎవరైనా కళ్ళారా చూశారా? తాము చెప్పిన జవాబులు అమ్మాయికి తృప్తినివ్వలేదని, పరీక్ష కోసం కాకుండా విషయం అర్థమయ్యేలా చెప్పమని ఆయన కోరారు. విశాఖపట్నంలో చాలా కాలం డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి ఈ మూడు ప్రశ్నలూ నాకు పాత పరిచయాలే. వీటిలో రెండోది అసలైన ప్రశ్న. దాని జవాబు తేలితే మిగిలిన రెండూ సగం తేలిపోతాయి. అయినా అమ్మాయి అడిగిన వరుసలోనే, కోతులతోనే మొదలుపెడతాను.

విశాఖ చుట్టుపక్కల కొండల్లో, గుడి మెట్ల మీద సాధారణంగా కనిపించేది రీసస్ కోతి. దాని ముఖం ఎర్రగా, తోక పొట్టిగా, నడుము కింది వెంట్రుకలు కాస్త నారింజ ఛాయలో ఉంటాయి. ఈసారి తిరుపతి వెళ్ళినప్పుడు అక్కడి కోతిని తీరిగ్గా గమనించండి. దాని తోక చాలా పొడవు, నడినెత్తి మీది జుట్టు చుట్టూ పరుచుకుని చిన్న టోపీ పెట్టినట్టు కనిపిస్తుంది. దానిని బానెట్ కోతి అంటారు. స్థూలంగా చెప్పాలంటే మన ప్రాంతంలో గోదావరి నది ఈ రెండింటికీ సరిహద్దుగా ఉండేది: ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్. ఇటీవలి దశాబ్దాల్లో రీసస్ ఆ గీత దాటి దక్షిణానికి చొచ్చుకుపోతూ ఉండటంతో కొన్నిచోట్ల రెండు రకాలూ ఎదురుపడుతున్నాయి. ఈ రెండు జాతుల్లో ఏది దేని నుంచి వచ్చింది? ఏదీ దేని నుంచీ రాలేదు. రీసస్‌కు, బానెట్‌కు ఉమ్మడిగా ఒక పూర్వజాతి ఉండేది. అది ఇప్పటి రీసస్సూ కాదు, ఇప్పటి బానెట్టూ కాదు. దాని సంతతి వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరుగా మారుతూ వచ్చి రెండు జాతులుగా తేలింది. సింహాచలం కోతి ఇంకా తిరుపతి కోతిగా ఎందుకు మారలేదని ఎవరూ అడగరు, అడగవలసిన అవసరమూ లేదు. మనిషి విషయంలో మాత్రం అదే ప్రశ్న అందరికీ సహజంగా తోస్తుంది, ఎందుకంటే కోతి మొదటి మెట్టు మీద, మనిషి చివరి మెట్టు మీద ఉన్నట్టు గీసిన బొమ్మలు మన బుర్రల్లో అంతగా పాతుకుపోయాయి.

మనిషికి అత్యంత దగ్గరి బంధువు చింపాంజీ. మనకూ చింపాంజీకీ ఉమ్మడి పూర్వజాతి సుమారు 60 నుంచి 70 లక్షల సంవత్సరాల కిందట ఆఫ్రికాలో జీవించింది. మనకూ సింహాచలం కోతికీ ఉన్న ఉమ్మడి పూర్వజాతి ఇంకా ఎంతో వెనక, సుమారు రెండున్నర నుంచి మూడు కోట్ల సంవత్సరాల నాటిది. అప్పటి నుంచి ఆ కోతుల శాఖ కూడా మనంత కాలమూ మారుతూనే వచ్చింది. అవి ఆగిపోయి, మనం మాత్రమే ముందుకు నడిచామనుకోవడం పొరపాటు.

ఈ బంధుత్వానికి ఎముకల ఆధారం ఎలాగూ ఉంది కానీ, ఇంటర్ విద్యార్థికి ముందుగా చూపించవలసింది మన రెండో నంబరు క్రోమోసోమ్ అని నా అభిప్రాయం. మన కణాల్లో 46 క్రోమోసోములు, అంటే డీఎన్ఏ చుట్టుకున్న పోగులు, ఉంటాయి. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లలో 48 ఉంటాయి. ఒక జత ఏమైనట్టు? క్రోమోసోముల కొసల్లో టెలోమియర్ అనే ప్రత్యేకమైన వరుసలు ఉంటాయి. మన రెండో క్రోమోసోమ్ నడిమి భాగంలో, ఉండకూడని చోట, ఆ కొస వరుసలు ఎదురెదురుగా అతుక్కుని కనిపిస్తాయి. అంతే కాక, ప్రతి క్రోమోసోముకు ఒకే సెంట్రోమియర్ (కణం చీలేటప్పుడు క్రోమోసోమును పట్టి లాగే చోటు) ఉండవలసి ఉండగా దీనిలో పనిచేయకుండా పోయిన రెండో సెంట్రోమియర్ ఆనవాలు కూడా మిగిలి ఉంది. చింపాంజీలో నేటికీ విడివిడిగా ఉన్న రెండు క్రోమోసోములు మన పూర్వీకుల్లో కొసా కొసా కలిసి ఒకటైపోయాయన్నమాట.

ఇక రెండో ప్రశ్న. అవసరం పడితే శరీరం మారుతుందా? ఎత్తయిన ఆకుల కోసం సాచి సాచి జిరాఫీ మెడ పొడవైందనీ, ఆ పొడవు పిల్లలకు వచ్చిందనీ చెప్పే కథ చాలామందికి తెలుసు. ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1809లో ఇటువంటి వివరణే ఇచ్చాడు. చార్లెస్ డార్విన్ 1859లో తన గ్రంథంలోను, అంతకు ముందు ఏడాది డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్‌ల పేరిట లండన్‌లో చదివిన పత్రాల్లోను దీనికి భిన్నమైన మార్గం సూచించారు. ఒకే జాతిలోని జీవులన్నీ ఒకేలా ఉండవు. వాటి మధ్య తేడాలు ముందే ఉంటాయి. ఆ తేడాల్లో కొన్ని వారసత్వంగా వస్తాయి. పుట్టినవన్నీ బతికి పిల్లల్ని కనలేవు. ఆ పరిస్థితులకు నప్పే తేడా ఉన్నవి సగటున ఎక్కువ సంతానాన్ని మిగులుస్తాయి. ఇది తరతరాలుగా సాగితే జనాభా రూపురేఖలు మారిపోతాయి. దీనికే ప్రకృతి వరణం అని పేరు. చూడటానికి ఇంత చిన్నగా ఉన్న ఈ వాదన అర్థం కావడంలో అసలు కష్టమంతా ఒక్కచోటే ఉంది. మారేది జీవి కాదు, జనాభా. పుట్టిన జీవి తన జన్యువులతోనే బతుకుతుంది, వాటితోనే చనిపోతుంది.

దీనిని కొలిచి చూపించినవారు పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు. పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపాగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో వారు 1973 నుంచి దశాబ్దాల పాటు ఫించ్ పక్షులను అధ్యయనం చేశారు. పిచ్చుకంత ఉండే ఆ పక్షులను పట్టుకుని, కాలికి గుర్తు తొడిగి, ముక్కు పొడవు, మందం కొలిచి వదిలేవారు; ఏ పక్షికి ఏ పిల్లలు పుట్టాయో రాసి పెట్టేవారు. 1977లో అక్కడ వానలు లేవు. పక్షులు సులువుగా తినగలిగే చిన్న, మెత్తని గింజలు ముందుగా అయిపోయాయి. చివరికి ఎక్కువగా మిగిలింది ఒక ముళ్ళ కాయ. అది మన పల్లేరు కాయకు స్వయానా దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినవి. పొలం గట్టు మీద చెప్పులు లేకుండా నడిచి పల్లేరు గుచ్చుకున్నవారికి ఆ కాయ ఎంత గట్టిగా ఉంటుందో చెప్పనక్కరలేదు. ముక్కు మందంగా ఉన్న ఫించ్ దానిని మూలగా పట్టి, మెలితిప్పి, పగలగొట్టి లోపలి గింజ తీసుకోగలదు. ముక్కు అంతకన్నా సగం మిల్లీమీటరు సన్నగా ఉన్న పక్షి ఆ కాయ జోలికే పోలేదు. ఆ కరవులో మధ్య పరిమాణపు నేల ఫించ్‌లలో సుమారు 85 శాతం చనిపోయాయి. మిగిలిన వాటి సగటు ముక్కు మందం మునుపటి జనాభా సగటు కన్నా సుమారు అర మిల్లీమీటరు ఎక్కువగా తేలింది. ముక్కు మందం చాలావరకు వారసత్వంగా వచ్చేదే కాబట్టి మరుసటి తరం పిల్లలూ మందపాటి ముక్కులతోనే పుట్టాయి.

ఆకలితో ఉన్న ఏ ఒక్క పక్షి ముక్కూ ఆ కరవులో పెరగలేదన్న సంగతి ఇక్కడ గమనించాలి. అవసరం అన్నిటికీ ఒకటే. తేడా ముందే ఉన్నవి మాత్రమే బతికాయి. తరువాతి కథ ఇంకా ఆసక్తికరమైనది. 1982-83లో ఎల్ నినో, అంటే పసిఫిక్ జలాలు వేడెక్కే పరిస్థితి, ప్రభావంతో ఆ దీవిలో విపరీతంగా వానలు కురిసి చిన్న గింజలనిచ్చే మొక్కలు అల్లుకుపోయాయి. ఆ తరువాతి ఏళ్ళలో చిన్న ముక్కుల పక్షులకే అనుకూలత కలిగింది. కరవులో పెద్దదైన సగటు తిరిగి తగ్గింది. పరిణామానికి ఒక గమ్యం, ఒక ఉన్నతి ఉంటాయని భావించేవారికి డాఫ్నే మేజర్ కొలతలు ఇచ్చే జవాబు ఇది.

ప్రకృతి వరణం జల్లెడ లాంటిది. జల్లెడ గింజలను వేరు చేస్తుంది కానీ తయారు చేయదు. మరి తేడాలు ఎక్కడివి? డీఎన్ఏ నకలు తీసే ప్రక్రియలో జరిగే మార్పుల నుంచి, అంటే ఉత్పరివర్తనాల నుంచి వస్తాయి. పుట్టే ప్రతి శిశువులోనూ తల్లిదండ్రులిద్దరిలోనూ లేని కొత్త మార్పులు సుమారు 60 నుంచి 70 వరకు ఉంటాయి. వీటిలో చాలావాటి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. లైంగిక ప్రత్యుత్పత్తిలో పాత తేడాలు కొత్త కలయికల్లో కలవడం వైవిధ్యాన్ని ఇంకా పెంచుతుంది.

ఈ మార్పులు అవసరాన్ని చూసి పుడతాయేమోనన్న అనుమానాన్ని 1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఒక మఖ్మల్ గుడ్డ ముక్కతో తీర్చారు. ఒక పళ్ళెంలో బ్యాక్టీరియా గుంపులు పెరిగాక దాని మీద మఖ్మల్ గుడ్డను అద్ది, అదే గుడ్డను బ్యాక్టీరియాను చంపే మందు కలిపిన మరికొన్ని పళ్ళేల మీద వరుసగా అద్దారు. గుడ్డ నూగుకు అంటుకున్న బ్యాక్టీరియా మొదటి పళ్ళెంలోని స్థానాలనే కొత్త పళ్ళేల్లోనూ ఆక్రమించింది. మందు ఉన్న పళ్ళేల్లో దాదాపు అన్నీ చనిపోగా, మందుకు లొంగనివి మాత్రం అన్ని పళ్ళేల్లోనూ ఒకే చోట మొలిచాయి. తిరిగి మొదటి పళ్ళెంలోని ఆ చోటు నుంచి తీసిన బ్యాక్టీరియా, అంతవరకు మందు ముఖమే చూడనిది, మందును తట్టుకుంది. నిరోధకత మందు వచ్చాక పుట్టింది కాదు, ముందే ఉంది. అమ్మాయి రెండో ప్రశ్నకు ప్రయోగశాల ఇచ్చే సూటి జవాబు ఇదే. మన పాఠ్యపుస్తకాలు జిరాఫీకి ఇచ్చే చోటులో సగం ఈ గుడ్డకు ఇచ్చినా బాగుండేది.

పళ్ళెంలో జరిగింది పొలంలో జరిగితే ఎలా ఉంటుందో మన పత్తి రైతులకు అనుభవమే. పురుగును చంపే విషాన్ని తానే తయారు చేసుకునే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి లభించింది. రెండు విషాలున్న రెండో తరం విత్తనం 2006లో వచ్చింది. గులాబీ రంగు పురుగు జనాభాలో ఆ విషానికి లొంగని జన్యు రూపం అతి అరుదుగా ముందే ఉంటుందని శాస్త్రవేత్తలకు తెలుసు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం వేరే పొట్లంలో ఇచ్చి, పొలం చుట్టూ వరుసల్లో వేయమన్నారు. దీని వెనకున్న లెక్క పూర్తిగా పరిణామ శాస్త్రానిదే. నిరోధకత చూపే జన్యువు సాధారణంగా అంతర్గతమైనది, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు నకళ్ళూ ఉంటేనే పురుగు బీటీని తట్టుకుంటుంది. మామూలు పత్తి మీద పెరిగిన వేలాది లొంగే పురుగులు రెక్కలొచ్చి పొలంలోకి వస్తే, బీటీని తట్టుకుని మిగిలిన ఏ ఒకటో రెండో వాటితోనే జతకడతాయి. పుట్టే పిల్లలకు ఒకే నకలు ఉంటుంది కాబట్టి అవి బీటీ మొక్కను తిని చస్తాయి. చుట్టూ మామూలు పత్తి లేకపోతే మిగిలిన పురుగు మిగిలిన పురుగుతోనే జతకడుతుంది. చాలా పొలాల్లో ఆ రెండో పొట్లం విత్తనం వేయలేదు. పైగా ఈ పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది, వేరే పంట మీద లొంగే పురుగులు మిగిలే అవకాశం కూడా లేదు. గుజరాత్‌లో 2010 నాటికి మొదటి విషానికి, 2015 నాటికి రెండింటికీ నిరోధకత బయటపడింది. ఆ తరువాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పొలాల్లోనూ కాయలు పుచ్చిపోయాయి. రైతును నిందించడం నా ఉద్దేశం కాదు. కొద్దిపాటి చేనున్న వ్యక్తి దానిలో ఐదో వంతు పురుగుకు వదలాలని చెప్పే పథకం కాగితం మీద ఎంత బాగున్నా నేల మీద నిలవదు.

ఒక జన్యువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు పరిసరాలను పక్కనపెట్టి జవాబు చెప్పలేమనడానికి మన ఏజెన్సీ ప్రాంతం కంటె దూరం పోనక్కరలేదు. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత కనిపిస్తుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ప్రోటీనులోని బీటా గొలుసులో ఆరో స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ కావడమే దీనికి మూలం. డీఎన్ఏలో మారింది ఒకే ఒక్క అక్షరం. రెండు నకళ్ళు ఉన్న బిడ్డకు ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, రక్తనాళాల్లో అడ్డుపడి, తీవ్రమైన నొప్పులు, రక్తహీనత వస్తాయి. ఇంత హాని చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు తొలగిపోలేదు? ఒకే నకలు ఉన్నవారికి మలేరియా తీవ్ర రూపం నుంచి గణనీయమైన రక్షణ లభిస్తుంది. మలేరియా విపరీతంగా ఉన్న చోట ఒక్క నకలు ఉన్నవారు, అసలు లేనివారికన్నా, రెండూ ఉన్నవారికన్నా ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నారు. ఆ కారణంగా జన్యువు జనాభాలో నిలిచిపోయింది. తూర్పు ఆఫ్రికాలో దీనిని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. రక్త సంబంధమైన మరో వ్యాధి థాలసీమియాకు మలేరియాతో ఇటువంటి లంకె ఉండవచ్చని 1949లోనే ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశానికి వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు, తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చాడు. ఆధునిక పరిణామ సిద్ధాంతానికి గణిత పునాది వేసిన ముగ్గురిలో ఒకడు చివరికి మన కాకినాడ విద్యార్థులకు శరీర నిర్మాణ పాఠమయ్యాడన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

జనాభాలో మార్పు అంతా వరణం వల్లనే జరుగుతుందనుకోకూడదు. కేవలం యాదృచ్ఛికంగా కూడా జన్యు రూపాలు పెరుగుతాయి, తరుగుతాయి. దీనిని జన్యు విస్థాపనం అంటారు, చిన్న జనాభాల్లో దీని ప్రభావం ఎక్కువ. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. దానిని విరిచే ఎంజైము లోపించినవారిలో ఆ ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది, అంతసేపూ వారికి యంత్రంతో ఊపిరి ఆడించాలి. ఈ లోపం ఆంధ్ర వైశ్య కుటుంబాల్లో ఇతరులకన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుందని మత్తు వైద్యులకు తెలుసు. ఆ జన్యు రూపం వల్ల ఎప్పుడూ ఎవరికీ ప్రత్యేక లాభం కలిగి ఉండనక్కరలేదు. ఆ సముదాయానికి మూలపురుషులైన కొద్దిమందిలో ఒకరిద్దరికి అది ఉండి ఉంటే, ఆ తరువాత వేల ఏళ్ళు పెళ్ళిళ్ళు లోపల్లోపలే జరిగితే, అంతే చాలు. మన దేశంలోని అనేక కులాలు, తెగలు ఇలా కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించాయని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2009లో వెలువరించిన అధ్యయనం చెప్పింది. ఇందులో ఒక కులాన్ని వేలెత్తి చూపేదేమీ లేదు. ఏ సముదాయానికి దాని జాబితా దానికి ఉంటుంది.

ఇప్పటివరకు చెప్పినదంతా ఒకే జాతి లోపలి మార్పు. ఒక జాతి రెండు కావాలంటే, సాధారణంగా, ఒక జనాభాలోని రెండు భాగాల మధ్య సంతానోత్పత్తి సంబంధం తెగాలి. తిరుమలలో బంగారు బల్లి గురించి వినని తెలుగువారు ఉండరు. ఆ జాతి శేషాచలం కొండల్లోనే కాదు, పాపికొండల్లోను, ఇంకా ఉత్తరాన ఒడిశా వైపు తూర్పు కనుమల్లోను ఉంది. అది రాతి గుహల్లో, పెద్ద బండల నెర్రెల్లో నివసిస్తుంది, మైదానాల్లో బతకదు. దాని ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద రెండే జాతులు ఉన్నాయి: ఒకటి మనది, రెండోది శ్రీలంకలో. మధ్యలో ఉన్నది సముద్రం. సముద్ర మట్టం బాగా పడిపోయిన కాలాల్లో, సుమారు 20,000 ఏళ్ళ కిందట ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉన్నప్పుడు, భారతదేశానికీ శ్రీలంకకూ మధ్య నేల దారి ఉండేది. అటువంటి దారులు అంతకు ముందూ ఎన్నోసార్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అయితే రాతి కొండ విడిచి బయటకు రాని బల్లికి సముద్రం ఎంత అడ్డమో పొడి మైదానమూ అంతే అడ్డం. విడిపోయిన రెండు జనాభాల్లో ఉత్పరివర్తనాలు వేర్వేరుగా పుడతాయి, వరణం వేర్వేరుగా పనిచేస్తుంది, యాదృచ్ఛిక మార్పు వేర్వేరు దిక్కులకు లాగుతుంది, ఇటు పుట్టిన తేడా అటు చేరదు. చాలా కాలానికి అవి తిరిగి కలిసినా ఒకదానినొకటి జతగా గుర్తించకపోవచ్చు, గుర్తించినా సంతానం కలగకపోవచ్చు.

ఈ గీత ఎప్పుడూ కత్తితో కోసినట్టు ఉండదు. ఆఫ్రికా బయటి మనుషులందరి డీఎన్ఏలో, అంటే నాలోనూ మీలోనూ, ఒకటి రెండు శాతం, అంతరించిపోయిన మన దగ్గరి బంధువులైన నియాండర్తల్ మానవుల నుంచి వచ్చింది. దీనిని చూపించిన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమతి లభించింది. విడిపోవడం నెమ్మదిగా జరిగే పని కాబట్టి మధ్య దశలో ఇటువంటి కలయికలు ఉండి తీరతాయి.

మూడో ప్రశ్నకు, అంటే కళ్ళారా చూడటానికి, రెండు రకాల జవాబులు ఉన్నాయి. పెద్ద మార్పులను ఎవరూ కళ్ళారా చూడలేదు, చూడటం సాధ్యమూ కాదు, వాటికి రాయే సాక్షి. మన తీరంలో డాల్ఫిన్‌ను చూసినవారు అది ఎలా ఈదుతుందో గుర్తుచేసుకోండి. సొర చేప తోక నిలువుగా ఉంటుంది, అది తోకను పక్కలకు ఊపుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది, వెన్ను పైకీ కిందికీ వంగుతుంది. పరుగెత్తే కుక్క వెన్ను వంగే పద్ధతి కూడా అదే. నేల మీద పరుగెత్తిన పూర్వీకుల నడకను అది నీటిలోకి తీసుకుపోయింది. డాల్ఫిన్లు, తిమింగలాలు నేల జంతువుల నుంచి వచ్చాయనడానికి ముఖ్యమైన శిలాజాలు మన ఉపఖండంలోనే దొరికాయి. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర సేకరించిన రాళ్ళలో ఇండోహ్యూస్ అనే చిన్న డెక్కల జంతువు ఎముకలు ఉన్నాయి. ఆయన మరణానంతరం ఆయన భార్య భద్రపరచిన ఆ రాళ్ళు అమెరికా శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు అందాయి. అక్కడ ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి ఎముక విరిగింది. విరిగిన చోట లోపలి గోడ ఒకవైపు అసాధారణంగా మందంగా కనిపించింది. ఆ మందం తిమింగలాల కుటుంబానికి ప్రత్యేకమైన గుర్తు. సుమారు 4.8 కోట్ల ఏళ్ళ నాటి ఆ జంతువు కాళ్ళ ఎముకలు కూడా నీటిలో మునిగి నడిచే జంతువులకు ఉన్నట్టు దట్టంగా ఉన్నాయి. ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. తొలి తిమింగలాలైన, దాదాపు అదే కాలపు పాకిసెటస్, కచ్ ప్రాంతంలోని కచ్చిసెటస్, ఇంకా తరువాతి కాలపు, పొట్టి వెనుక కాళ్ళు మిగిలిన బాసిలోసారస్ కలిసి ఈ కథను చెబుతాయి. మన కైలాసగిరిలో, డాల్ఫిన్స్ నోస్ కొండలో ఇటువంటివి వెతికితే దొరుకుతాయా అని విద్యార్థులు అడుగుతుంటారు. దొరకవు. ఆ కొండల ఖోండలైట్ రాయి భూమి లోతుల్లో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ రూపం మారిన రాయి, వయసు సుమారు వంద కోట్ల ఏళ్ళు. తిమింగలాలే కాదు, అప్పటికి ఎముకలున్న జంతువులే లేవు.

కళ్ళారా చూసిన జాతులు కూడా ఉన్నాయి, ముఖ్యంగా మొక్కల్లో. ట్రాగోపోగాన్ అనే ఐరోపా పూల మొక్క జాతులు మూడు, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా వాయవ్య ప్రాంతానికి చేరాయి. ఒక్కొక్కదానిలో 12 క్రోమోసోములు. అవి అక్కడ పరస్పరం సంకరమై, సంకర మొక్కల్లో క్రోమోసోముల సంఖ్య రెట్టింపై, 24 క్రోమోసోములతో రెండు కొత్త జాతులు పుట్టాయి. 1950లో వాటిని వర్ణించి పేర్లు పెట్టారు. అవి తల్లి జాతులతో కలిసి సారవంతమైన సంతానాన్ని ఇవ్వలేవు, తమలో తాము మాత్రం చక్కగా విత్తనం కడతాయి. మనం రోజూ తినే చపాతీ గోధుమ కూడా ఇటువంటి కలయికలతోనే పుట్టింది, దాని 42 క్రోమోసోములు మూడు వేర్వేరు గడ్డి జాతుల నుంచి వచ్చాయి.

జంతువుల్లో అంత దగ్గరగా చూసిన ఉదాహరణ మళ్ళీ గ్రాంట్ దంపతులదే. 1981లో డాఫ్నే మేజర్ దీవికి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మరో దీవి నుంచి ఒక మగ ఫించ్ వచ్చి చేరింది. దాని శరీరం పెద్దది, పాట వేరు. అది స్థానిక ఫించ్‌తో జతకట్టింది. ఆ పక్షుల్లో మగపిల్లలు తండ్రి దగ్గరే పాట నేర్చుకుంటాయి, ఆడ పక్షులు పాటను, ముక్కు ఆకారాన్ని బట్టి జతను ఎంచుకుంటాయి. కాబట్టి ఈ సంతతి మగవాటిని స్థానిక ఆడ పక్షులు దగ్గరికి రానివ్వలేదు. కొద్ది తరాల్లోనే ఆ సంతతి తమలో తాము మాత్రమే జతకట్టడం మొదలుపెట్టింది. వాటి ముక్కు కూడా దీవిలోని మిగిలిన జాతుల ముక్కులకు మధ్య ఖాళీగా ఉన్న పరిమాణంలో నిలవడంతో తిండి విషయంలోనూ వాటికి ఒక చోటు దొరికింది. తొలి పక్షి జన్మస్థానాన్ని డీఎన్ఏ ద్వారా తేల్చిన అధ్యయనం 2017లో వెలువడింది. ఆ గుంపులో అప్పటికి సుమారు 30 పక్షులు ఉన్నాయి. ఇంత చిన్న గుంపు ఒక్క పెద్ద కరవులో తుడిచిపెట్టుకుపోవచ్చు, పక్క జాతితో తిరిగి కలిసిపోనూ వచ్చు, కాబట్టి దానికి ప్రత్యేక జాతి నామం పెట్టే తొందర ఎవరికీ లేదు.